ఎడమ పక్క చప్పుడు

మా అన్న ఊపిరితిత్తికి చిల్లు పడి చచ్చిపోయినాడని ఊరంతా అనుకుంటారు. నిజమే. కానీ ఆ చిల్లు సంగతి ఆ దినం పొద్దున్నే నాకు తెలుసునని ఎవరికీ తెలీదు. ఏండ్ల తరబడి ఈ మాటను గొంతులో పెట్టుకోని తిరగతా ఉండాను. అన్నం తినేటప్పుడు గూడా అడ్డం పడతాది. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. అందుకే నీకు చెప్తా ఉండా. నన్ను ఓదార్చబాకు. విను, చాలు.

మాది కార్వేటినగరం పక్కన పల్లె. అన్న నాదస్వరం, నేను డోలు. పెండ్లిండ్లకు, ఉత్సవాలకు మా మేళాన్నే పిలిచేవాళ్లు. పిలిచేది అన్న కోసం. నాదస్వరం లేని డోలును ఎవరు పిలుస్తారప్పా? అన్న ఊదేది మానుకుంటే నేను మళ్లా మా మామ కటింగు షాపులో కత్తెర పట్టుకోవాల. ఆ బతుకు నాకు వద్దు. డోలు అంటే నాకు పిచ్చి.

ఒక దినం ఇంట్లో సాధన చేస్తా చేస్తా అన్న ఎడమ రొమ్ము పట్టుకోని కూలబడినాడు. ఊపిరి అందలా. వదిన పసిబిడ్డతో ఇంటికాడే ఉండిపోయింది, నేనే తిరుపతి ఆస్పత్రికి ఎత్తుకోని పోయినాను. ఆడ ఒక కుర్ర డాక్టరు. అన్న వీపు మింద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మింద కొట్టినాడు. కుడి పక్క ఒక చప్పుడు, ఎడమ పక్క ఇంకో చప్పుడు. డోలు వాయించేవాడి చెవి ఊరుకుంటాదా? ఎడమ పక్క ఖాళీ కుండ మాదిరి మోగింది. ఎక్స్‌రే రాకముందే ఏదో తేడా ఉండాదని నాకు తెలిసిపోయింది.

ఆ డాక్టరు ఎంత ఓపిగ్గా చెప్పినాడో. ఊపిరితిత్తి మింద కొందరికి చిన్న బుడగలుంటాయంట, సన్నంగా పొడుగ్గా ఉండే మగోళ్లకు, బీడీలు తాగేవాళ్లకు ఇంకా ఎక్కువంట. అది పగిలితే గాలి రొమ్ము లోపలే చిక్కుకోని ఊపిరితిత్తిని నలిపేస్తాదంట. పక్కటెముకల మధ్యన గొట్టం పెట్టి, దాని కొస నీళ్ల సీసాలో ముంచినాడు. అన్న దగ్గినప్పుడల్లా సీసాలో బుడబుడమని బుడగలు. అవి ఆగితే చిల్లు పూడినట్టేనంట. నేను ఆ సీసానే చూస్తా కూచున్నాను.

అన్న మత్తులో ఉండంగా ఆయన నన్నడిగినాడు, ఏం పని చేస్తాడు, బరువులెత్తేది, గట్టిగా ఊదేది ఏమన్నా ఉందా అని. ఎందుకడిగినాడో నాకు అర్థమైంది. నిజం చెప్తే ఊదొద్దంటాడు. "సేద్యం సార్" అనినాను. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోనుంచి! ఆయన నమ్మినాడు. బరువులు ఎత్తొద్దు, బీడీ మానిపించండి, మళ్లా నొప్పొస్తే ఒక్క క్షణం ఆగకుండా రండి, రెండోసారి అయితే ఆపరేషను చేయాల్సి వస్తాది అని చెప్పినాడు. ఆయన వచ్చినప్పుడల్లా నేనే ముందు నిలబడి జవాబులు చెప్పేవాణ్ణి, అన్న నోరు తెరిస్తే యాడ బయటపడతాదో అని.

ఇంటికొచ్చినాక అన్న అడిగినాడు. "ఏమిరా, ఊదచ్చునంటనా?"

"డాక్టరు ఊదొద్దని ఏమీ అనలేదన్నా."

"అబ్బ, బతికించినావురా" అని నవ్వినాడు.

చూసినావా? నా మాటలో అబద్ధం లేదు. ఆయన నిజంగానే అనలా. అనకుండా చేసింది నేను. తోడబుట్టినోణ్ణి ఇంత తెలివిగా మోసం చేయొచ్చని నాకు ఎవరు నేర్పించినారు?

చాన్నాళ్లు బాగానే ఉన్నాడు. నేనూ మర్చిపోయినాను, లేదా మర్చిపోయినట్టు ఉండిపోయినాను. తర్వాత చిత్తూరులో ఒక పెండ్లి. ఆ పొద్దున అన్న, వీపు పట్టేసినట్టుండాది, రవ్వంత నూనె రుద్దురా అనినాడు. రుద్దినాను. నా వేళ్లు ఎందుకు కొట్టినాయో నాకు తెలీదు, ఆ డాక్టరు కొట్టినట్టే కొట్టినాయి. కుడి పక్క మామూలే. ఎడమ పక్క అదే చప్పుడు. ఖాళీ కుండ.

నా చెయ్యి ఆగిపోయింది. నేనేమన్నా డాక్టరునా, పొరపాటు పడింటానేమో అని ఆ పూట నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు నీకు చెప్తా ఉండా, నా చెవి చప్పుడు దగ్గర ఎప్పుడూ పొరపాటు పడలా. ముహూర్తం దగ్గర పడింది, మండపం నిండా జనం, ఇప్పుడు మానుకుంటే ఇంక ఎవరూ పిలవరని భయపడినాను. "గ్యాసు పట్టింటాదిలే అన్నా" అనినాను. చొక్కా నేనే తొడిగినాను.

పంతులు గట్టిమేళం అని చెయ్యెత్తినాడు. అన్న నాదస్వరం నోటికి పెట్టుకోకుండా నా తట్టు చూసినాడు. ఊపిరి అందడం లేదని ఆ కండ్లలో తెలస్తానే ఉండాది. నేను డోలు ఇంకా గట్టిగా కొట్టినాను. అన్న ఊదినాడు. తాళి పడింది, అక్షింతలు పడినాయి, అన్న పక్కకు ఒరిగిపోయినాడు. పెదాలు నల్లబడిపోయినాయి. దగ్గర్లో ఉండే ఆస్పత్రికి తీసకపోతే వాళ్లు రొమ్ములో సూది గుచ్చి గాలి తీసినారు. అప్పటికే అయిపోయింది. రొమ్ము పక్కన పాత గొట్టం మచ్చ చూసి, ముందు చూసిన డాక్టరు ఊదొద్దని చెప్పలేదా అని ఆడ అడిగినారు. కబురు తెలిసి ఊరినుంచి పరిగెత్తుకోని వచ్చిన వదిన, "ఎవరూ చెప్పలేదు సార్" అని ఏడ్చింది. నేను పక్కనే ఉండాను.

ఇప్పుడు కటింగు షాపులోనే ఉండాను. డోలు అటక మింద పడుండాది. కటింగు అయినాక కొందరు వీపు తట్టమంటారు. చేతులు నొప్పి అని తప్పించుకుంటాను.

ఏటేటా అన్న తద్దినానికి వదిన ఆ తిరుపతి డాక్టరును శాపనార్థాలు పెడతాది. ఒక్క మాట చెప్పింటే నా మొగుడు బతికుండేవాడు, వాడి చేతులు పడిపోనూ, వాడి ఇల్లు పాడుగానూ అంటాది. ఆ డాక్టరు ఏ పాపమూ తెలీని మనిషి, ఆ శాపాలన్నీ నావి. తిట్టి తిట్టి అలిసిపోయి నా విస్తరిలో ఇంకో ముద్ద పెడతాది. "నువ్వే కద నాయనా, ఆ సీసా కాడ కూచోని మీ అన్నను చూసుకున్నది" అంటాది.

నీకు చెప్పినాను. గొంతులో రవ్వంత చోటు దొరికినట్టుండాది. అంతకు మించి ఏమీ మారలా. రేపు మళ్లా తద్దినం. వదిన రమ్మనింది, పోతాను. ఆమె ఆ డాక్టరును తిడతాది. నేను అవును వదినా అంటాను.