బురదలో ఆగిన విమానం

ధర్మవరం నుంచి బొంబాయికి విమానంలో పోయే అవసరం మీకు రాకపోవచ్చు. వస్తే మాత్రం పెళ్లిచీర ఒళ్లో పెట్టుకుని పోకండి.

ఎనభైల్లో ఒక శ్రావణమాసం. బొంబాయిలో స్థిరపడిన మా ఊరి వెంకటేశన్న కూతురికి మేం నేస్తున్న చీర, జరీ ఆలస్యమై, పెళ్లికి ముందురోజు తెల్లవారుజామున మగ్గం దిగింది. రైలైతే ముహూర్తానికి అందదని ఆయన విమానం టికెట్ పంపాడు. పెళ్లిచీరను పెళ్లికూతురి చేతికిచ్చే దాకా కింద పెట్టకూడదని మా ఇంటి పట్టింపు.

ఐదున్నర బస్సెక్కి పదకొండుకు బెంగళూరులో దిగాను. ఇడ్లీ తిని, రెండున్నర విమానం ఎక్కాను. పక్క సీటు పెద్దాయన గుంతకల్లులో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడట. ఒళ్లో ఉన్న చీర మూట పైన పెట్టమని ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు చెప్పింది. నేను వింటేనా?

బొంబాయి దగ్గరికి రాగానే కిటికీ మీద వాన. మూడేళ్లుగా మా వైపు సరైన వాన లేదు. చేతులు జోడించి "కురువు తల్లీ, ఇంకా కురువు" అన్నాను.

"ఏమప్పా, దిగినాక మొక్కుకోరాదా?" అని గార్డు తాత విసుక్కున్నాడు.

నాలుగు దాటింది. చక్రాలు నేలను తాకాయి కానీ విమానం ఆగలేదు. నీళ్ల మీద జారుతూ రన్‌వే దాటి గడ్డిలోకి పోయి, ఒక పక్కకు ఒరిగి, బురదలో కూరుకుని ఆగింది. సామాన్లన్నీ వదిలేసి జారుడుబల్ల మీదుగా దిగమని కేకలు. నేను మూట కరుచుకుని తలుపు దగ్గర నిలబడిపోయాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నా వెనక ఆగిపోయిన జనం నాకు కనబడలేదు.

"చీర మళ్లా నేసుకోవచ్చప్పా! మనుషుల్ని యాడ నేస్తావు? దూకు!" అని అరిచాడు తాత.

బుద్ధెరిగాక మొదటిసారి పెళ్లిచీరను కింద పెట్టి జారాను. మోకాళ్ల దాకా బురద. నా వెనకే తాత దిగాడు. అందరం బతికాం.

బయట వెంకటేశన్నను చూడగానే ఏడుపు ఆగలేదు. "చీర ఆడనే వదిలేసినా అన్నా."

"నువ్వొచ్చినావు, సాలు" అని ఆ బురదతోనే నన్ను కౌగిలించుకున్నాడు.

మర్నాడు పిల్ల తన తల్లి పెళ్లిచీరతో పీటల మీద కూర్చుంది. విమానం వాళ్లు పంపిన మా మూట మధ్యాహ్నానికి చేరింది, తడవలేదు. భోజనాలప్పుడు ఆ చీర కట్టుకుని వచ్చి నాకే మొదట చూపించింది.

తిరుగు ప్రయాణం రైల్లోనే. గుంతకల్లులో బండి మారి, దుమ్ములో నడిచి ఇల్లు చేరాను. నాయన నా పంచె అంచుకు ఎండిన బురదను చూశాడు.

"అంత వాన యాడ పడిండాదప్పా?"

"బొంబాయిలో నాయనా. ఈ బురదే మా విమానాన్ని ఆపింది."

నాయన ఆ మట్టిని వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు.