బొట్టు పెట్టిన బ్రేక్ ప్యాడ్లు

రేస్ ట్రాక్ మీద తోలుకోవడానికని పాత కారొకటి కొని, మిర్యాలగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనే మరమ్మతులు చేసుకునేవాణ్ణి. బరువు తగ్గాలని వెనక సీట్లు కూడా పీకేశాను. సాయానికి కోదాడ నుంచి మా బామ్మర్ది వచ్చేవాడు. అతను కిరాయికి తిప్పే కారూ అదే మోడల్.

కొత్త సామాను ఏదైనా బొట్టు పెట్టాకే బిగించడం మా పద్ధతి. ట్రాక్‌కు వెళ్లే ముందు ఆదివారం కొత్త బ్రేక్ ప్యాడ్ల వీపున నేనే బొట్టు పెట్టి, బిగించమని అతని చేతికిచ్చి అన్నానికి వెళ్లాను. మళ్లీ విప్పి చూడలేదు. బామ్మర్దిని అనుమానిస్తామా?

హైవే మీద బాగానే పట్టిన బ్రేకు, ట్రాక్ మీద వేడెక్కేసరికి చేతులెత్తేసింది. కారు మలుపు దాటిపోయి ఇసుకలో కూరుకుంది. చక్రం విప్పితే, అరిగిపోయిన పాత ప్యాడ్లు. వాటి వీపున కూడా బొట్టు!

అక్కడి నుంచే బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఒక్కదినం ఆటకు కొత్తయెందుకు బావా? నా బండి రోజూ తిరుగుతది, దానికేసుకున్న," అన్నాడు. "అయినా పాతవాటికి గూడ బొట్టు పెట్టే బిగించిన గదా!"