నోరు తెరిస్తే ప్రమాదం

తొండల బాబాయి ఇస్త్రీ కొట్టు అమ్మాయిని చంపుతానన్నాడని వీధంతా కోడై కూసింది. శుద్ధ అబద్ధం! ఆయనకున్నది ఒకటే పిచ్చి. ఎండాకాలంలో ఎవరైనా మాటా పలుకూ లేకుండా నోరు తెరిస్తే ఊరుకోడు.

జూలో పాములకూ తొండలకూ చాకిరీ చేసి రిటైరైన మనిషి. ఎవరు ఆవలించినా, "వేడెక్కావ్, నీడకు పద!" అని భుజం పట్టుకుంటాడు. పళ్ళ డాక్టరు కుర్చీలోంచి ఒకాయన్ను లేపుకొచ్చిన ఘనుడు.

"తొండకు చెమట పట్టదు. నీడ దొరక్కపోతే నోరు తెరిచి రొప్పుతుంది. అప్పటికీ వేడి తగ్గలేదా, కాళ్ళు చచ్చుబడతాయి. వెల్లకిలా పడితే మళ్ళీ తిరగలేదు."

"మేం తొండలమా బాబాయ్?" అని నవ్వితే, "నవ్వకు, మళ్ళీ నోరు తెరిచావ్!"

ఆ మధ్యాహ్నం రేకుల కొట్టులో ఇస్త్రీ చేస్తున్న అమ్మాయిని చూసి కేక పెట్టాడు. "నోరు తెరిచావ్! ఇంకాసేపుంటే చస్తావ్!" ఆమెను బయటికి లాగి, బకెట్ నీళ్ళు నెత్తిన కుమ్మరించాడు. ప్లీడరుగారి తెల్ల చొక్కాలు కూడా తడిసి ముద్దయ్యాయి. వీధికి వినిపించింది ఆ కేక ఒక్కటే. అంతే, బాబాయి ఇంటి ఓనరు, "సాయంత్రానికి గది ఖాళీ చెయ్" అనేశాడు.

మూలింటి పెద్దమ్మకు ఒళ్ళు మండింది. ఏ సంగతైనా ఆరా తీయందే ఆమెకు ముద్ద దిగదు. ఓనర్ని వెంటబెట్టుకుని తిన్నగా ఇస్త్రీ కొట్టుకే వెళ్ళింది.

"నిన్ను చంపుతానన్నాడటే?"

"ఎవరన్నారు పెద్దమ్మా? నాకు కళ్ళు బైర్లు కమ్మి, ఇస్త్రీ పెట్టె చేతిలోంచి జారిపోయింది. మా ఆయన పక్కనే ఉండి, 'కునుకు తీస్తున్నావా?' అన్నాడు. బాబాయి లాగకపోతే ఈపాటికి నేనుండేదాన్నే కాదు!"

పెద్దమ్మ ఓనరు మీదికి తిరిగింది. "విన్నావా? ప్రాణం నిలబెట్టినవాణ్ణి గది ఖాళీ చెయ్యమంటావా? సిగ్గులేదూ?"

"నేను విన్నది మరి..."

"సగం వినడానికా నీకు రెండు చెవులు?"

"సరేలెండి, ఉండమనండి," అని నసిగాడు ఓనరు.

పెద్దమ్మ వెళ్ళేసరికి బాబాయి పరుపు చుడుతున్నాడు.

"విప్పు ఆ పరుపు! ఇంత రభస చేశావు. మనిషికీ తొండకీ తేడా తెలీదటయ్యా నీకు?"

బాబాయికి కోపం ముంచుకొచ్చింది.

"ఎందుకు తెలీదు వదినా! ఒళ్ళు కాలుతుంటే తొండ తనంతట తనే నీడకు పోతుంది. మనిషినే ఈడ్చుకుపోవాలి!"