కొత్త దవడతో సైదన్న సన్నాయి: గురజాల నుంచి నరసరావుపేటకి ఒక రోజు

ఈమధ్య మా వీధిలో ఒకాయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి, దవడ ఎముక అరిగిపోయిందనీ, ఇంకోచోటి ఎముక తెచ్చి అతికిస్తేగానీ కొత్త పళ్లు నిలవవనీ చెప్పారని బెంబేలెత్తిపోతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆ పని మేం ఎనభైల్లోనే చేయించుకొచ్చాం. మేం అంటే కోయించుకున్నది మా సైదన్న, పక్కన నిలబడి చెమటలు కక్కింది నేను. సైదన్నది గురజాలలో సన్నాయి మేళం, ఆయన పక్కన డోలు నాది. మా చుట్టుపక్కల సన్నాయి అంటే చాలావరకు ముస్లింల ఇళ్లదే. మా ఊరి గుళ్లో స్వామి కల్యాణానికి ఆయన తాత ఊదాడు, నాన్న ఊదాడు, తర్వాత ఈయన ఊదాడు. అలాంటి మనిషికి నలభై దాటగానే కింది ముందుపళ్లు కదిలి ఒక్కొక్కటే ఊడిపోయాయి. కట్టుడు పళ్లు పెట్టించుకుంటే అన్నం తినేటప్పుడే జారేవి, ఇక సన్నాయి పట్టుకుంటే చెప్పక్కర్లేదు. పెదవికి లోపల ఆసరా లేక గాలంతా పక్కల నుంచి పోయేది.

నరసరావుపేటలో కొత్తగా బోర్డు పెట్టిన ఒక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. పళ్లు పోయిన చోట పని లేక దవడ ఎముక కరిగిపోతుందట, వానకి పొలం గట్టు కరిగినట్టు. గట్టు లేని చోట పళ్ల సెట్టు దేనిమీద నిలబడుతుంది? ఆవిడ ఉత్తరం రాసిచ్చి గుంటూరు పంపితే అక్కడి పెద్ద డాక్టరు సైదన్న తుంటి ఎముకలోంచి ముక్క తీసి దవడలో పెట్టి సన్నటి తీగతో బిగించాడు. పదిహేను రోజులు మంచం. ఆరు నెలలు సన్నాయి ముట్టుకోకూడదు. ఆ ఆరు నెలలూ ఆయన్ని ఇంట్లో భరించినందుకు ఆయన భార్య మీరాంబీ వదినకి దండం పెట్టాలి. నేనిక్కడ రాస్తున్న ప్రయాణం ఆ గడువు తీరాక కొత్త పళ్లు పెట్టించుకోవడానికి వెళ్లింది. చైత్ర పున్నమి కల్యాణానికి ఇంకా పన్నెండు రోజులు. అప్పటికి రెండేళ్లుగా వేరే ఊరి మేళం వచ్చి ఊది పోతోంది. ఈ ఏడూ సైదన్న ఊదకపోతే ఆ సేవ వాళ్లకే ఖాయం చేస్తామని గుడి పెద్దలు చెప్పేశారు. అందులో వాళ్ల తప్పేం లేదు, స్వామికి పెళ్లి ఆగదు కదా.

గురజాలలో ఐదూముప్పావు బస్సు ఎక్కాం. పిడుగురాళ్లలో దిగి మారాలి. మొత్తం మీద నరసరావుపేటకి మనిషికి ఆరేడు రూపాయలు అయినట్టు గుర్తు. ఇప్పుడు వెళ్లేవాళ్లకి బస్సులు బోలెడున్నాయి గానీ అప్పుడు ఒకటి తప్పితే గంటన్నర చెట్టు కింద కూర్చోవాల్సిందే. ఎండాకాలం మొదలు, రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కిటికీ తీస్తే ఘాటుకి తుమ్ములు, మూస్తే ఉక్క. సైదన్న మాత్రం ఒళ్లో గుడ్డసంచిలో చుట్టిన సన్నాయిని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ సంచి వంక చూశాడు.

"ఏంది సైదన్నా, పెళ్లికా? చానా రోజులైంది నీ సన్నాయి ఇని."

"పెళ్లికి గాదు, ఆసుపత్రికి."

"ఆసుపత్రికి సన్నాయి ఎందుకన్నా?"

"రోగం దానికే," అన్నాడు సైదన్న. పిడుగురాళ్ల సున్నం బట్టీల పొగ కనిపించేదాకా ఆ సంచిని నిమురుతూనే ఉన్నాడు.

పిడుగురాళ్లలో అరగంట ఆగితే నరసరావుపేట బస్సు దొరికింది. తొమ్మిదిన్నరకి దిగాం. డాక్టరమ్మ పదింటికి గానీ రాదు కాబట్టి బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. మీరు పొద్దున్నే వెళితే ఇదే చేయండి, ఖాళీ కడుపుతో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొద్దు, ఎంతసేపు కూర్చోబెడతారో తెలీదు. నేను గారెలు చెప్పాను. సైదన్న ఇడ్లీని మంచినీళ్లలో నానబెట్టి మింగుతుంటే పొయ్యి దగ్గరున్న ముసలమ్మకి రోషం వచ్చింది.

"ఏమయ్యా, నా పచ్చడి నచ్చలా? నీళ్లల్లో కలుపుకుంటన్నావేంది?"

"నీ పచ్చడికేం పిన్నీ, నాకు పళ్లు లేవు. ఇయ్యాల పెట్టించుకోటానికి వచ్చాం."

ఆమె జాలిపడి పచ్చడికి బదులు కాస్త నెయ్యి తెచ్చి వేసింది. నా గారెలకి మాత్రం వెయ్యలేదు.

డాక్టరమ్మకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గుంటూరు నుంచి తెచ్చిన ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో చిగురంతా నొక్కింది, అటూ ఇటూ కదిపింది. "కొత్త ఎముక పాత ఎముకలో కలిసిపోయింది సైదాగారూ, ఎక్కడా సందు లేదు. గుంటూరు డాక్టరుగారు చూస్తే మీసం మెలేస్తారు," అంది. తర్వాత పళ్ల సెట్టు పెట్టింది. అద్దం ఇస్తే సైదన్న నవ్వాడు. అమ్మో, ఏం పళ్లు! తెల్లగా, వరసగా, మల్లెమొగ్గలు పేర్చినట్టున్నాయి. అప్పటికి నెల ముందు అచ్చు తీసుకున్నప్పుడు "మీ సొంత పళ్లు ఎలా ఉండేవి?" అని ఆవిడ అడిగింది. సైదన్న సిగ్గుపడి తల గోక్కుంటుంటే మధ్యలో దూరి, "సినిమా హీరో పళ్లలాగా ఉండేయి మేడం, అట్టాగే పెట్టండి," అని చెప్పింది నేనే. పెళ్లిళ్లలో అందరూ మేళం వైపే చూస్తారు, అందంగా ఉంటే తప్పేముందనుకున్నాను.

ఇక ఊదమంది. సైదన్న పీక తీశాడు. పీక అంటే సన్నాయి కొసన పెదవుల మధ్య పెట్టుకునే రెల్లు ముక్క. దాన్ని నాలుకతో తడిపి, కళ్లు మూసుకుని, మనసులో ఎవర్ని తలుచుకున్నాడో తలుచుకుని ఊదాడు. ఫుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు, మళ్లీ అదే. మూడోసారి కీచుమని ఒక కూత వచ్చింది, బయట బెంచీ మీదున్న పిల్ల జడుసుకుని ఏడుపు మొదలెట్టింది. సైదన్న సన్నాయిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయిపోయిందిరా కోటయ్యా. తుంటి కోయించుకున్నా, ఆరు నెల్లు నోరు కట్టేసుకున్నా. ఇంక మేళం నువ్వు చూసుకో."

డాక్టరమ్మ మొహం పాలిపోయింది పాపం. "దవడ గట్టిగా ఉందండీ, నొప్పి కూడా లేదంటున్నారు. మరి ఎందుకు పలకట్లేదు?" అని తనలో తనే అనుకుంటోంది. అప్పుడు నాకు వెలిగింది. వెలిగాక అక్కడే భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

"మేడం, నేను అబద్ధం చెప్పాను. మా అన్న పళ్లు హీరో పళ్లు గాదు. కింద మధ్యలో రెండూ అరిగి పొట్టిగా ఉండేయి, ఒకటి లోపలికి వంగి ఉండేది. ఆ పల్లంలో పెదవి ఆనించి పీక పట్టేవాడు. చిన్నప్పట్నుంచీ అంతే."

ఆవిడ నన్ను చూసిన చూపుకి ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. "ఈ ముక్క నెల క్రితం చెప్పడానికి ఏం అడ్డొచ్చిందయ్యా?" అంది. సైదన్న తలెత్తాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టకుండా సంచిలోంచి చిన్న చాకూ, ఇంకో కొత్త పీకా తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, కొత్త పీక ఏదీ మొదట పలకదు. కొంచెం గీకుతాం, ఊదుతాం. చాలకపోతే మళ్లీ గీకుతాం. ఎక్కువ గీకితే పాడైద్ది, అందుకని ఇంకోడు పక్కన కూచుని చెవి పెట్టి ఇనాల. మా దగ్గర ఆ చెవి ఈ ఎదవది." ఆ రెల్లుని రెండుసార్లు గీకి, ఊది చూపించాడు. డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూసింది. "అయితే పళ్లనీ అలాగే గీకుదాం. వినవయ్యా నువ్వు," అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

అలా మొదలైంది. సెట్టు తీయడం, మధ్య పళ్ల అంచుని మిషను మీద రవ్వంత అరగదీయడం, కడిగి పెట్టడం, సైదన్న ఊదడం. నేను "ఇంకొంచెం" అనడం. రెండోసారికి గాలి తగ్గింది. నాలుగోసారికి స్వరం వచ్చింది గానీ వణికింది. ఆరోసారి ఆవిడ ఒక పన్నుని లోపలివైపు కాస్త పల్లం చేసింది. బయట వంతు కోసం కూర్చున్నవాళ్లు పంటినొప్పులు మర్చిపోయి గుమ్మంలోకి వచ్చేశారు. పత్తి కొట్టు గుమాస్తా ఒకాయన బుగ్గ మీద చెయ్యి తీయకుండానే "ఇంకొక్కసారమ్మా, వచ్చేసింది," అని ఆవిడకి ధైర్యం చెబుతున్నాడు. ఎనిమిదోసారి సైదన్న ఊదాడు. షడ్జమం. నిటారుగా, నిండుగా, ఆ గది గోడలు పట్టనంతగా. దాన్ని వదలకుండా అలాగే పట్టుకున్నాడు. నేను ఇంకొంచెం అనలేదు. ఆయన అక్కణ్ణుంచి కల్యాణి రాగంలోకి వెళ్లాడు, నా చేతులు వాటంతటవే ఆ చెక్క స్టూలు మీద పడ్డాయి. డాక్టరమ్మ మాస్కు తీసి కళ్లు తుడుచుకుంది, తర్వాత వెంటనే డాక్టరైపోయి ఆయన నోరు తెరిపించి చిగురంతా నొక్కి చూసింది. నొప్పి లేదు, కందలేదు, దవడ ఇసుమంత కదల్లేదు. రోజుకి పావుగంటతో మొదలెట్టి మెల్లగా పెంచమంది. గురజాల చేరేసరికి ఐదు దాటింది. దారంతా సైదన్న పక్క సీటువాళ్లందరినీ పిలిచి పళ్లు చూపిస్తూనే ఉన్నాడు, నవ్వితే మధ్యలో రెండు పొట్టిగా కనిపిస్తున్నాయని ఇంచుక కూడా చిన్నబుచ్చుకోలేదు.

పున్నమి పొద్దున కల్యాణంలో జీలకర్ర బెల్లం వేళకి సైదన్న సన్నాయి పైస్థాయికి వెళ్లి అక్కడ నిలబడింది. నేను గట్టిమేళం వాయించాలి. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ తప్పని చేతులు ఆగిపోయాయి, ఊరంతా చూస్తుండగా డోలు పట్టుకుని ఏడ్చాను. సైదన్న ఊదడం ఆపకుండానే నన్ను మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. అప్పుడు వాయించాను, చేతులు వాచేలా వాయించాను. తర్వాత ఆయన పంతొమ్మిదేళ్లు ఊదాడు. తుంటిలోంచి తీసిన ఆ కాస్త ఎముక ఆయన దవడలోనే ఉండి అన్ని కల్యాణాలూ చూసింది. ఎముక తెచ్చి అతికిస్తారంటే ఇప్పుడు భయపడేవాళ్లకి నేను చెప్పగలిగేది అదే, మా కళ్ల ముందు అతుక్కుంది, నిలబడింది, పని చేసింది.

ఇక మీరు పళ్ల కోసం వెళ్లేటప్పుడు ఒక్క సంగతి: ఎంత తెల్లగా కావాలో తర్వాత, మీ నోటితో ఏం పని చేస్తారో మొదటి రోజే చెప్పండి. పాడేవాళ్లయితే పాడి చూపించండి, పంతులైతే పాఠం చెప్పి చూపించండి, ఊదేవాళ్లయితే వాయిద్యం వెంట తీసుకెళ్లండి. నాలాంటి వాగుడుకాయ పక్కనుంటే వాణ్ణి బయట బెంచీ మీదే కూర్చోబెట్టండి.