సముద్రమన్న రొమాంటిసిజం

పాతికేళ్ల వయసులో తనకు తెలిసిన నాలుగు ముక్కలూ ఎవరికో ఒకరికి చెప్పకపోతే మనిషికి కడుపుబ్బిపోతుంది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, ఖతార్‌లో సైటు పనివాళ్ల హాజరు రాసుకుంటున్న నాకైతే మరీనూ. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదికి ఆరుగురం. అందరిలో పెద్ద, జగిత్యాల వైపు మేస్త్రీ. కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందని భార్యకు చెప్పుకున్న ఘనుడు కాబట్టి ఆయన్ని సముద్రమన్న అనేవాళ్లం (తెరిస్తే కనిపించేవి పక్క బిల్డింగు వాళ్ల లుంగీలు). ఇక్కడి అవస్థ తెలిస్తే ఆమె వెంటనే వచ్చెయ్యమంటుందనీ, కడుతున్న ఇల్లు సగంలో ఆగిపోతుందనీ ఆయన భయం. అందుకే ఎవరమూ నోరు జారేవాళ్లం కాదు.

ఇంతలో అబూ హమూర్‌లోని ఒక బడివాళ్లు టీచరు ఉద్యోగానికి నన్ను డెమో క్లాసు చెప్పమన్నారు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా నవలల్లో వచ్చిన ఉద్యమాలు పాఠం. శుక్రవారం సెలవు కదా అని గదిలోవాళ్లనే పిల్లలుగా కూర్చోబెట్టాను. మొదట అడవులు, సముద్రాలు, శాపాలు, మనసు ఊహించిందంతా ఘనంగా రాసిన రొమాంటిసిజం. తర్వాత ‘ఇక చాలు, ఉన్నది ఉన్నట్టు రాద్దాం’ అన్న రియలిజం. చివరికి, మనిషి చేతిలో ఏమీ లేదు, పరిస్థితులు ఎటు తోలితే అటే అన్న నాచురలిజం. ఒక్క మొహంలోనూ వెలుగు లేదు.

"గిట్ల గాదు తమ్మీ, మాకు సమజయ్యేటట్టు జెప్పు" అన్నాడు సముద్రమన్న.

నాకు పూనకం వచ్చింది. "కిటికీలకెళ్లి సముద్రం కనవడ్తదని అన్న ఇంటికి జెప్తడు సూడు, గది రొమాంటిసిజం. ఆరు మంచాలు, ఒక్క బాత్రూమ్, నిన్నటి పప్పు, గిది రియలిజం. ఎండకు నెత్తి మాడుతున్నా ఫోర్‌మన్ ‘యల్లా, నడువుండ్రి’ అంటే ఉరుకుడే, గది నాచురలిజం!"

అందరూ చప్పట్లు కొట్టారు. అన్న ఒక్కడే గోడకు ఆనించిన తన ఫోన్ వైపు చూస్తున్నాడు. పాఠానికి ముందు ఇంటికి మాట్లాడి, వీడియో కాల్ కట్ చేయడం మరిచిపోయాడు. అందులో వదినె కళ్లార్పకుండా వింటోంది.

"మంచిగ జెప్పినవ్ తమ్మీ" అందామె. తర్వాత మొగుడితో, "నీ సముద్రం ముచ్చట నాకెప్పుడో ఎరుకనే. చెప్తుంటె నీ మొకం కళగుంటదని ఇన్న" అంది. ఆ వెంటనే, "మన బర్రె రెండుపూటల పాలు ఇస్తున్నదని నీకు జెప్పిన గదా? అది సచ్చి శాన దినాలాయె" అంది. అన్న ముందు పగలబడి నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. వచ్చెయ్యమని మాత్రం ఆమె అనలేదు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అల్ తుమామాలో ఉంటూ ఏటా ఆ పాఠం చెప్తున్నాను, రియలిజం గొప్పతనం గురించి దంచుతున్నాను. ప్రతి శుక్రవారం మా అక్క వీడియో కాల్ చేసి "దుబాయ్‌ల ఎట్లున్నవ్ రా?" అంటుంది (ఖతార్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను). జ్వరంతో ఉన్నా సరే, దుప్పటి తోసేసి లేచి కూర్చుని, "మస్తుగున్ననే అక్కా, సముద్రం గాలి సల్లగ కొడ్తుంది" అంటాను. "మీ బావ గూడ తాగుడు బంద్ వెట్టిండు రా" అంటుంది అక్క. ఆ పాఠం చెప్పేవాణ్ణి, అది రొమాంటిసిజమని నాకు తెలియదా? అయినా అడ్డు చెప్పకుండా వింటాను. ఆ మాట అంటున్నప్పుడు అక్క మొహం కళగా ఉంటుంది.