వంటింటి కిటికీలో కరివేపాకు మొక్క

ఈ దీవిలో, హోప్ టౌన్‌లో మా ఇల్లు సముద్రానికి మరీ దగ్గర. బయట పెడితే ఉప్పుగాలికి మాడిపోతుందని అమ్మ కరివేపాకు మొక్కని పాత రంగుడబ్బాలో నాటి వంటింటి కిటికీలో పెట్టింది. విశాఖ నుంచి ఓడలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క. అంతకుముందు తెచ్చిన రెండూ అదే కిటికీలో చచ్చాయి.

"మనూర్లో సేపలు కడిగిన నీల్లే పోసేవోల్లం. ఎంత ఏపుగా ఎదిగేదో!" అనేది. ఇక్కడా రోజూ అవే పోసేది.

మూడోది కూడా ఆకులు రాల్చేసరికి నాకు ఒళ్లు మండింది. డబ్బాలో మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంటే వేలితో గీకి నాలుకకి రాసుకున్నాను. ఉప్పు! ఎండాకాలంలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. అందుకని చేపలు కడగడానికి సముద్రపు నీళ్లు తెచ్చుకుంటాం. ఆ బకెట్ రోజూ మోసింది నేనే. అయినా ఇద్దరికీ తట్టలేదు. మా కంటికి అవి చేపలు కడిగిన నీళ్లు, అంతే.

"ఇన్నాళ్లూ ఉప్పునీళ్లు పోశావమ్మా!" అని అరిచాను.

అమ్మ అడుగంటిన మంచినీళ్ల డ్రమ్ము వైపు చూసింది.

"మరి మీఠా పానీ ఎక్కడుందే, దీనికి పొయ్యడానికి?"

బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు తోముకునే ఇల్లు మాది.

నాలుగో మొక్కకి ఒక్క చుక్క ఉప్పునీరు తగలనివ్వలేదు. కుళాయి వచ్చిన రోజు మంచినీళ్లు మిగిలితేనే గుక్కెడు పోసేదాన్ని. అది ఆ మూడింటికంటే ముందే ఎండిపోయింది.