నెత్తళ్ల బుట్ట అడుగున

ఇవాళ శ్రీకాకుళం బజారులో ఎండు నెత్తళ్ల వాసన తగలగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేవారు కదా, ఇలాంటి అనుమానపు మనుషులు?

అప్పట్లో భావనపాడు నుంచి మా ఇంటికి వచ్చే చేపలావిడ పైనున్న గుప్పెడు తీసి చూపించేది. "బుట్టంతా ఇలాగే ఉంటాది, సూడమ్మా."

"పైవి నువ్వు సూపించినావు. అడుగున ఏటున్నాదో నేను సూత్తాను" అంటూ నాయనమ్మ మోచేతిదాకా చెయ్యి దూర్చేది. పురుగు పట్టిన చేప ఒక్కసారీ దొరకలేదు.

కొన్ని చూసి అన్నీ అంతే అనకూడదని నా క్లాసు పిల్లలకి ఈ కథే చెబుతాను.

చేపలావిడ గుమ్మం దాటగానే నాయనమ్మ, "ఈ సేపలోల్లందరూ మోసగాల్లే" అనేది. నాయనమ్మకి తెలిసిన చేపలావిడ ఈమె ఒక్కతే. ఈ సగం మాత్రం పిల్లలకి ఇంకా చెప్పలేదు. ఇవాళ బజారులో నేను బుట్ట కంటే ముందు అమ్మే ఆమె మొహాన్నే అనుమానంగా చూశాను.